పార్సిల్ డబ్బా మట్టిలో కలవాలంటే

హోటల్లో బిర్యానీ నింపిన డబ్బా ఇల్లు చేరి ఖాళీ కావడానికి గంట చాలు. ఆ తర్వాత అది చెత్త. ఇంటికి ఆహారం చేరవేసే వ్యాపారంలో ఇలాంటి డబ్బాలకు ఎక్కువగా వాడుతున్నది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దాకా అది కరగదు. నూనెను పీల్చదు, పులుసును కారనివ్వదు. పైగా తేలిక, చవక. చిక్కల్లా పని అయిపోయాక మొదలవుతుంది. పాలీప్రొపిలీన్‌ను కరిగించి మళ్లీ వాడుకునే వీలున్నా, కూరా నూనే అంటుకున్న డబ్బాను ఏరి, కడిగి, రీసైక్లింగ్ కేంద్రానికి చేర్చే ఖర్చు తరచూ దాని విలువను మించిపోతుంది. అందుకే చాలా డబ్బాలు డంపింగ్ యార్డుకో కాలువలకో చేరుతున్నాయి.

దీనికి ప్రత్యామ్నాయంగా వచ్చినవే కంపోస్టబుల్ ప్యాకింగులు. చెరకు పిప్పి గిన్నెలు, మొక్కజొన్న పిండి కలిసిన కవర్లు, పీఎల్ఏ అనే మొక్కల ప్లాస్టిక్ గ్లాసులు, ఆకు దొప్పలు ఈ కోవలోకి వస్తాయి. మిగిలిన అన్నం, కూరలతో పాటే కుళ్లి ఎరువుగా మారడం వీటి ప్రత్యేకత. అయితే ఈ కుళ్లడం డబ్బా ఒక్కదాని గుణంతో జరిగేది కాదు. డబ్బా పడిన చోట వేడి, తేమ, గాలి, సూక్ష్మజీవులు, తగినంత గడువు ఉండాలి. కాబట్టి వ్యాపారి ఏ డబ్బా కొన్నాడన్నది ఈ మార్పులో సగం మాత్రమే. ఆ డబ్బా చివరికి ఎక్కడికి చేరిందన్నది మిగతా సగం.

కుళ్లేవి, కుళ్లనివి

మొక్కల నుంచి తయారైన ప్లాస్టిక్ అంతా మట్టిలో కలుస్తుందని, పెట్రోలియం నుంచి వచ్చినది ఎన్నటికీ కలవదని చాలామంది అనుకుంటారు. రెండూ నిజం కావు. బ్రెజిల్‌లో చెరకు నుంచి తీసిన ఇథనాల్‌తో పాలిథిన్ తయారవుతోంది. అది మామూలు పాలిథిన్ లాగే ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. మరోవైపు పీబీఏటీ అనే పదార్థం ప్రధానంగా పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి.

తేడా అణువుల అమరికలో ఉంది. పాలిథిన్, పాలీప్రొపిలీన్ గొలుసుల్లో కార్బన్ పరమాణువులు ఒకదానికొకటి నేరుగా ముడిపడి ఉంటాయి. ఆ ముడిని విప్పే ఎంజైములు సూక్ష్మజీవుల్లో లేవనే చెప్పాలి. పీఎల్ఏ, పీబీఏటీ గొలుసుల్లో ఎస్టర్ బంధాలు ఉంటాయి. తగిన వేడి ఉంటే నీరు వీటిని తెంచుతుంది, చిన్న ముక్కలయ్యాక సూక్ష్మజీవులు అందుకుంటాయి. చెరకు పిప్పి, ఆకులు, కాగితం సెల్యులోజ్‌తో తయారైనవి. సెల్యులోజ్‌ను అరిగించుకోవడం శిలీంధ్రాలకు, బ్యాక్టీరియాకు కోట్ల ఏళ్లుగా తెలిసిన పనే.

'ఆక్సో డిగ్రేడబుల్' పేరుతో అమ్మే కవర్లు ఈ రెంటికీ చెందవు. మామూలు పాలిథిన్‌లో లోహ లవణాలు కలిపి, ఎండకు పెళుసుబారి ముక్కలయ్యేలా చేస్తారు. కవరు కంటికి కనిపించకుండా పోయినా సూక్ష్మ ప్లాస్టిక్ మిగిలిపోతుంది. ఐరోపా సమాఖ్య వీటిని 2021 జులై నుంచి నిషేధించింది.

ప్రమాణం కొలిచేది ఏమిటి?

కంపోస్టబుల్ అని చెప్పుకోవాలంటే పరీక్షలు నెగ్గాలి. ఐరోపాలో ఈఎన్ 13432, అమెరికాలో ఏఎస్‌టీఎం డీ6400, భారత్‌లో ఐఎస్/ఐఎస్ఓ 17088 ఇందుకు ప్రమాణాలు. సారాంశంలో ఇవన్నీ నాలుగు విషయాలు చూస్తాయి. మొదటిది ముక్కలు కావడం: 12 వారాలు కంపోస్టులో ఉంచాక 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే, పైన మిగిలేది అసలు బరువులో పదో వంతు మించకూడదు. రెండోది జీవక్షయం: పదార్థంలోని కార్బన్‌లో 90 శాతం 180 రోజుల్లో కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. మూడోది భార లోహాలు పరిమితికి లోబడి ఉండటం. నాలుగోది ఆ ఎరువులో విత్తనాలు మామూలుగా మొలకెత్తి పెరగడం.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. జీవక్షయ పరీక్షను దాదాపు 58 డిగ్రీల సెల్సియస్ వద్ద జరుపుతారు. అంత వేడి పెద్ద కంపోస్టు కుప్పల్లో పుడుతుంది. పెరటి గోతిలోనో బాల్కనీలోని కుండలోనో నిలకడగా ఉండదు. ఇక పదార్థం పరీక్ష నెగ్గినా, ఆ ధ్రువీకరణ పరీక్షించిన మందం వరకే చెల్లుతుంది. పల్చని కవరు కుళ్లిన గడువులోనే అదే పదార్థంతో చేసిన దళసరి చెంచా కుళ్లుతుందన్న హామీ లేదు.

ఇంటి కంపోస్టుకు పనికొస్తుందని విడిగా ధ్రువీకరించిన సరుకుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు బ్రిటన్ పౌరుల సాయంతో ఇళ్లలో ప్రయోగాలు జరిపి 2022లో ఫలితాలు ప్రచురించారు. ఇంటి కంపోస్టుకు తగినవని ముద్ర ఉన్న ప్లాస్టిక్‌లలో 60 శాతం పూర్తిగా విచ్ఛిన్నం కాలేదు.

ఏ సరుకు దేనికి పనికొస్తుంది?

చెరకు పిప్పి గిన్నెలకు భారత్‌లో ముడిసరుకు కొరత లేదు. టన్ను చెరకు ఆడితే తడితో కలిపి సుమారు 300 కిలోల పిప్పి వస్తుంది. మిల్లులు ఎక్కువ భాగాన్ని బాయిలర్లలో మండించి ఆవిరి, కరెంటు తీస్తాయి. గిన్నెలు చేసేటప్పుడు పిప్పిని ఉడికించి, గుజ్జు చేసి, నీళ్లలో పల్చగా కలిపి జల్లెడ అచ్చుల మీదకు లాగుతారు. తర్వాత వేడి అచ్చుల మధ్య నొక్కి ఆరబెడతారు. అయోధ్యలోని పక్కా సంస్థ (పూర్వం యశ్ పక్కా) 'చక్' పేరుతో 2017 నుంచి ఇలాంటి పళ్లాలు, గిన్నెలు అమ్ముతోంది. ఈ గిన్నె వేడికి వంగదు. ఇడ్లీ, పులావ్, వేపుళ్లకు బాగా నప్పుతుంది. గంటల తరబడి నిలవ ఉండే పులుసు, నూనె తేలే గ్రేవీ మాత్రం మెల్లగా గోడల్లోకి ఇంకుతాయి. మూత బిగువు కూడా ప్లాస్టిక్ డబ్బాకు సాటి రాదు.

పీఎల్ఏ అంటే పాలీలాక్టిక్ ఆమ్లం. మొక్కజొన్న పిండినో చెరకు చక్కెరనో పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం తీసి, దాని అణువులను గొలుసుగా కలిపితే ఇది తయారవుతుంది. 2002లో అమెరికాలోని నెబ్రాస్కాలో నేచర్‌వర్క్స్ కర్మాగారం మొదలయ్యాక పెద్ద ఎత్తున మార్కెట్లోకి వచ్చింది. గాజులా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి జ్యూస్, మజ్జిగ, సలాడ్‌లకు అందంగా ఉంటుంది. వేడికి మాత్రం తట్టుకోలేదు. 55 నుంచి 60 డిగ్రీల మధ్య మెత్తబడి ఆకారం కోల్పోతుంది. వండిన ఆహారాన్ని వడ్డించేదాకా 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలన్నది ఆహార భద్రత సూత్రం. అంటే నియమం ప్రకారం వేడిగా పంపే సాంబారుకు మామూలు పీఎల్ఏ గిన్నె అసలు పనికిరాదు. ఎండాకాలం రేకుల షెడ్డులో నిలవ పెట్టినా డబ్బాలు వంకర్లు పోతాయి. స్ఫటిక నిర్మాణం పెంచి తయారుచేసిన రకం మరికొంత వేడికి ఆగుతుంది. చెంచాలు, కప్పు మూతలకు దాన్ని వాడతారు.

వంటగదిలో లోపంగా కనిపించే ఈ గుణమే కంపోస్టు కుప్పలో పీఎల్ఏను కుళ్లిస్తుంది. మెత్తబడే ఉష్ణోగ్రత చేరాకే నీరు గొలుసుల మధ్యకు వేగంగా చొరబడి బంధాలను తెంచగలుగుతుంది. అణుభారం సుమారు 10,000 దాకా దిగాక సూక్ష్మజీవులు మొదలెడతాయి. 58 డిగ్రీల కుప్పలో వారాల్లో జరిగే ఈ పని 30 డిగ్రీల మట్టిలో ఏళ్లు పడుతుంది. సముద్రపు నీటిలో పీఎల్ఏ ప్రవర్తన మామూలు ప్లాస్టిక్‌కు అంత భిన్నంగా ఉండదు.

పీబీఏటీని పిండితోనో పీఎల్ఏతోనో కలిపి సాగే గుణమున్న కవర్లు తయారుచేస్తారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు హైదరాబాద్‌లో ఉన్న ప్రయోగశాల ఏఎస్ఎల్ రూపొందించిన ఇలాంటి సంచులను 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదం కోసం అందుబాటులోకి తెచ్చారు. పొడిగా ఉండే సరుకుకు ఇవి చక్కగా సరిపోతాయి. పిండి కలిసి ఉండటంతో తేమకు, దీర్ఘకాలపు నిలవకు పాడవుతాయి. కర్రీ పాయింట్లలో వేడి పప్పు, సాంబారును పల్చని కవర్లో పోసి ముడివేసే అలవాటుకు సమాన బలమున్న, చవకైన కంపోస్టబుల్ బదులు దొరకడం కష్టం.

ఆకుల సంగతి వేరు. మోదుగాకు విస్తర్లు, మన్యంలో సేకరించే అడ్డాకులు, అరటాకులు ఏ ధ్రువీకరణా లేకుండానే పెరటి గోతిలో సైతం కుళ్లుతాయి. డెలివరీ సంచిలో అవి ఒంటరిగా నిలబడలేవు. కానీ పిప్పి గిన్నె లోపల పరిచిన అరటాకు తన సహజమైన మైనపు పొరతో నూనెను కొంతవరకు ఆపగలదు. మిషన్ మీద నొక్కిన కొన్ని విస్తర్లకు అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, అవి ఈ లెక్కలోకి రావు. పోకచెట్టు మట్టతో చేసే పళ్లాల మీద అమెరికా ఆహార, ఔషధ పాలన సంస్థ 2025లో అభ్యంతరం తెలిపింది. పోకలో ఉండే అరెకొలిన్ వంటి ఆల్కలాయిడ్లు ఆహారంలోకి దిగవచ్చన్నది కారణం. సహజమైనదంతా నిరపాయమని అనుకోరాదనడానికి ఇదొక ఉదాహరణ.

కాగితపు కప్పులు, గిన్నెలు చూడటానికి కంపోస్టబుల్‌గా కనిపిస్తాయి. లోపల చాలావాటికి పల్చని పాలిథిన్ పొర ఉంటుంది. అలాంటి కప్పుల్లో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు విడుదలవుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు.

నూనె ఇంకకుండా పూసే రసాయనం

పిప్పి, కాగితం నూనెను పీల్చకుండా ఉండటానికి కొందరు తయారీదారులు పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలను కలిపేవారు. కార్బన్‌కు, ఫ్లోరిన్‌కు మధ్య ఉన్న బంధం చాలా గట్టిది, ప్రకృతిలో అది విడిపోదు. గిన్నె కుళ్లి ఎరువవుతుంది, పీఫాస్ ఆ ఎరువులోనే మిగిలి పొలానికి, అక్కడి నుంచి పంటకు, నీటికి చేరుతుంది. అమెరికాలో పేరున్న రెస్టారెంట్ గొలుసులు వాడుతున్న పీచు గిన్నెల్లో ఇవి ఉన్నాయని 2019లో బయటపడింది. మరుసటి ఏడాది నుంచి అక్కడి ధ్రువీకరణ సంస్థ బీపీఐ మొత్తం ఫ్లోరిన్ పది లక్షల భాగాల్లో 100 భాగాలు మించిన సరుకును తిరస్కరించసాగింది. 2023 జనవరి నుంచి కాలిఫోర్నియా, మొక్కల పీచు ఆహార ప్యాకింగుల్లో వీటిని నిషేధించింది. ఐరోపా సమాఖ్య పరిమితులకు అమలు తేదీ 2026 ఆగస్టు 12. కాబట్టి నూనె ఆపుతుందని చెప్పే గిన్నె కొనేటప్పుడు ఆ గుణం దేనివల్ల వచ్చిందో అడిగి, ఫ్లోరిన్ పరీక్ష ఫలితం చూడటం తప్పనిసరి.

భారత చట్టం పరిధి

2021 ఆగస్టులో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లాలు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, కత్తులు, స్ట్రాలు, ట్రేలు, స్వీటు డబ్బాల మీద చుట్టే పొరలు నిషిద్ధం. 2022 డిసెంబరు 31 నుంచి క్యారీ బ్యాగుల కనీస మందం 120 మైక్రాన్లు. మూత ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా ఈ నిషేధ జాబితాలో లేదు. డెలివరీ వ్యాపారంలో అది ఇంకా రాజ్యమేలడానికి ఇదీ ఒక కారణం.

కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు నిషేధం నుంచీ మందం నిబంధన నుంచీ మినహాయింపు ఉంది. దానికి ఐఎస్/ఐఎస్ఓ 17088 పరీక్ష నెగ్గి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ధ్రువపత్రం పొందాలి. కవరు మీద తయారీదారు పేరు, ధ్రువపత్రం సంఖ్య ముద్రించి ఉండాలి. పచ్చ రంగు, ఆకు బొమ్మ, 'ఎకో' అన్న మాట వీటికి ఏ చట్టబద్ధతా లేదు. కొనేవారు ఆ సంఖ్యను మండలి జాబితాతో సరిచూసుకోవడమే నకిలీని పట్టే మార్గం.

చెత్తబండి ఎక్కాక

కంపోస్టబుల్ డబ్బా పొడి చెత్తలో పడితే రీసైక్లింగ్‌కు వెళ్లే ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది. కొద్దిపాటి పీఎల్ఏ కలిసినా పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సీసాల రీసైక్లింగ్ నాణ్యత దెబ్బతింటుంది. తడి చెత్తలో పడితే, ఏరేవారికి అది మామూలు ప్లాస్టిక్‌లాగే కనిపించి బయటికి పోతుంది. డంపింగ్ యార్డు లోతుల్లో గాలి ఆడదు. అక్కడ పిప్పి, కాగితం వంటివి కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పీఎల్ఏ అయితే అక్కడ దాదాపు అలాగే ఉండిపోతుంది.

భారతీయ నగరాల్లో తడి చెత్త బయోగ్యాస్ వైపు మళ్లుతుండటం మరో చిక్కు. ఇందోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన బయో సీఎన్‌జీ కేంద్రానికి రోజుకు 550 టన్నుల తడి చెత్తను వాడుకునే సామర్థ్యం ఉంది. హైదరాబాద్‌లోని బోయినపల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాల నుంచి పరిశోధన సంస్థ ఐఐసీటీ సాంకేతికతతో కరెంటు తీస్తున్నారు. ఇలాంటి గాలి చొరబడని తొట్లలో సాధారణంగా వేడి 35 నుంచి 40 డిగ్రీలు, చెత్త ఉండేది కొన్ని వారాలు. ఆ గడువులో పీఎల్ఏ చెంచా చెక్కుచెదరదు. అందుకే లోపలికి పంపేముందే వాటిని తీసివేస్తారు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఎరువు తయారీదారులు 2019లో ఉమ్మడి ప్రకటన చేసి, కంపోస్టబుల్ ప్యాకింగులు తమకు వద్దన్నారు. అన్నీ సకాలంలో కుళ్లవు, చూడటానికి అలాగే ఉండే ప్లాస్టిక్ వెంట వస్తుంది, సేంద్రియ రైతులు ఆ ఎరువును వాడలేరు అన్నవి వారు చెప్పిన కారణాల్లో కొన్ని. ఇటలీ అనుభవం ఇందుకు భిన్నం. మిలాన్ నగరం 2012 నుంచి 2014 మధ్య ఇంటింటి ఆహార వ్యర్థాల సేకరణను నగరమంతటా విస్తరించి, వాటిని కంపోస్టబుల్ సంచుల్లో సేకరిస్తోంది. ఈ రకం ప్లాస్టిక్ తయారీదారులు రుసుము చెల్లించి సేకరణ, శుద్ధి ఖర్చు పంచుకునేలా బయోరీప్యాక్ అనే వ్యవస్థను ఇటలీ 2020లో ఏర్పాటు చేసింది. రెండుచోట్లా సరుకు ఒకటే, దాని వెనకున్న ఏర్పాటులోనే తేడా ఉంది.

లాభం ఎప్పుడు?

కంపోస్టు ఎరువుకు డబ్బా ఇచ్చే పోషకాలు చాలా తక్కువ. నత్రజని, భాస్వరం ఆహార వ్యర్థాల నుంచే వస్తాయి. డబ్బా చేసే అసలు మేలు, మిగిలిన ఆహారాన్ని ప్లాస్టిక్ కలవకుండా కంపోస్టు కుప్పదాకా మోసుకెళ్లడం. ఆ పని జరగనప్పుడు కంపోస్టబుల్ డబ్బాకు పొలం, ఎరువులు, ఇంధనం ఖర్చుపెట్టిన ఫలితం దక్కదు. ఒరెగాన్ పర్యావరణ శాఖ 2018లో పాత జీవితచక్ర అధ్యయనాలను సమీక్షించి, కంపోస్టబుల్ అన్న ఒక్క గుణం పర్యావరణ భారం తక్కువనడానికి హామీ కాదని తేల్చింది. డబ్బా కారిపోయి ఆహారం పారబోయాల్సి వస్తే నష్టం ఇంకా ఎక్కువ. ఎందుకంటే సాధారణంగా వండిన ఆహారం వెనుక ఖర్చయిన నీరు, ఇంధనం డబ్బా తయారీకి పట్టినదాని కంటే చాలా ఎక్కువ.

మార్పు ఏ వరుసలో?

మొదటి మెట్టు, అక్కరలేనిది పంపకపోవడం. జొమాటో 2021 ఆగస్టులో అడిగితే తప్ప చెంచాలు, టిష్యూలు పంపకూడదన్న పద్ధతిని తన యాప్‌లో పెట్టింది. ఏ కొత్త పదార్థం అవసరం లేకుండా చెత్త తగ్గించే మార్గం ఇది.

రెండో మెట్టు, మెనూను పదార్థాల స్వభావాన్ని బట్టి విడదీయడం. పొడిగా ఉండే దోసె, వడ, పరాఠాలకు పూత లేని కాగితం, ఆకు సరిపోతాయి. అన్నం, పులావ్‌లకు పిప్పి గిన్నె. చల్లని పానీయాలకు పీఎల్ఏ గ్లాసు. మరుగుతున్న పులుసులకు తగిన కంపోస్టబుల్ గిన్నె దొరికేదాకా, రంగు వేయని ఒకే రకం పాలీప్రొపిలీన్ వాడి వెనక్కి తీసుకోవడం మేలు. కొత్త గిన్నెను మెనూలో చేర్చేముందు అసలు కూర నింపి, మూత పెట్టి, డెలివరీకి పట్టే అత్యధిక సమయం ఉంచి, కారుడు, వాసన, మెత్తబడటం పరీక్షించాలి.

మూడో మెట్టు, గమ్యం ఖాయం చేసుకోవడం. సాఫ్ట్‌వేర్ కార్యాలయం, హాస్టల్, గేటెడ్ కాలనీ వంటి చోట్ల డబ్బాలన్నీ ఒకే ఆవరణలో పోగవుతాయి. అక్కడ కంపోస్టు యూనిట్ ఉంటే ఈ మార్పు వెంటనే ఫలిస్తుంది. విడి ఇళ్లకు పంపేచోట నగరపాలక సంస్థ తడి చెత్తను ఎక్కడికి తీసుకెళుతుందో తెలుసుకున్నాకే పీఎల్ఏ, పీబీఏటీ ఎంచుకోవాలి. తెలియనప్పుడు ఆకు, పూత లేని పిప్పి నయం. తక్కువ వేడిలోనూ అవి నెలల్లో కుళ్లుతాయి.

తిరిగి వాడే గిన్నెలు ఈ మెట్లన్నింటికీ పక్కనే ఉన్న మరో దారి. జర్మనీలో 2023 జనవరి నుంచి పెద్ద రెస్టారెంట్లు తిరిగి వాడే గిన్నెల్లో పార్సిల్ తీసుకునే వీలు కల్పించాలన్నది చట్టం. సిద్దిపేటలో విందులకు స్టీలు కంచాలు, గ్లాసులు ఇచ్చి తిరిగి తీసుకునే స్టీల్ బ్యాంకులు నడిచాయి. నెలవారీ క్యారేజీ భోజనాలు పంపే వ్యాపారాలకు ఇది కొత్తేమీ కాదు. ఒకే ఇంటికి రోజూ వెళ్లే మనిషి ఉన్నచోట స్టీలు గిన్నెను మించింది లేదు.

కంపోస్టబుల్ ప్యాకింగ్ పనికిరానిదీ కాదు, సర్వరోగ నివారిణీ కాదు. తడి చెత్తను వేరుచేసి, వేడి పుట్టే కుప్పలో కంపోస్టు చేసే ఊళ్లో అది ప్లాస్టిక్‌కు మేలైన బదులు. ఆ ఏర్పాటు లేని ఊళ్లో అది ఖరీదైన చెత్త. హోటలు యజమాని ధ్రువపత్రం సంఖ్య చూసి కొనాలి, తిన్నవారు డబ్బాను తడి చెత్తలో వేయాలి, పురపాలక సంఘం దాన్ని కంపోస్టు కేంద్రానికి చేర్చాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా మిగతా రెండూ వృథా.